ఉద్దానం పెరటి పక్షులు: ఋతువుల లెక్కకు తేదీ గల ఛాయాచిత్రమే సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం గ్రామానికి ఏటా సెప్టెంబరు మాసంలో పెలికాన్ అని అందరూ పిలిచే గూడబాతులు, వాటితోపాటు రంగుల కొంగలు చేరుకొంటాయి. ఇళ్ళ మధ్యనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టుకొని, పిల్లలను పెంచి, మార్చి నెల తరువాత వెళ్ళిపోతాయి. వీటిని చూడటానికి వచ్చేవారికి ‘ఇవి సైబీరియా నుంచి వస్తాయి’ అనే మాట తప్పక వినిపిస్తుంది. పత్రికలలోను, పాఠశాల ప్రదర్శనలలోను ఇదే మాట పునరావృతమవుతున్నది. అయితే ఈ రెండు జాతులలో ఏదీ సైబీరియాలో నివసించదు. అదే సమయంలో, సైబీరియా ప్రాంతం నుంచి నిజంగా వచ్చే చిన్న పక్షులు పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల పెరళ్ళలో కంచెలపై వాలుతున్నప్పటికీ ఎవరి దృష్టికీ రావడం లేదు.

ఈ పొరపాటు కేవలం సామాన్య విజ్ఞానానికి సంబంధించినది కాదు. ఒక పక్షి ఎక్కడిదన్న ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టే దాని సంరక్షణ బాధ్యత ఎవరిదన్నది నిర్ణయమవుతుంది. పెరటిలో క్రమం తప్పకుండా జరిపే పరిశీలన, తేదీతో కూడిన ఛాయాచిత్రం ఇటువంటి అపోహలను ఎట్లా సరిదిద్దగలవో, వ్యవసాయ విస్తరణలో వాటి ఉపయోగమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

రెండు ఊళ్ళు, రెండు కాలాలు

వలస పక్షులు ఉత్తరాన చలి ముదిరి, మంచు కప్పి, ఆహారం దొరకనప్పుడు దక్షిణానికి వస్తాయి. అక్కడ వేసవి రాగానే తిరిగి వెళ్ళి, గూళ్ళు కట్టి, సంతానాన్ని పెంచుతాయి. చలికాలపు విడిదిలో అవి గూడు కట్టవు. కనుక ఒక పక్షి ఏ ప్రాంతానికి చెందినదో తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటున్నది: అది గూడు ఎక్కడ కడితే అదే దాని స్వస్థలం. ఈ పరీక్ష ప్రకారం తేలినీలాపురం చింతచెట్లపై గుడ్లు పొదిగే గూడబాతు ఈ దేశపు పక్షియే. దీని సంతానోత్పత్తి స్థానాలు ప్రధానంగా భారతదేశం, శ్రీలంక, కంబోడియాలలో ఉన్నాయి. రంగుల కొంగ కూడా దక్షిణ, ఆగ్నేయ ఆసియాలకు చెందినదే. ఇవి దేశాంతర వలస పక్షులు కావు. నీటిని, చేపలను అనుసరించి ప్రాంతాలు మారే స్థానిక సంచారులు.

సెప్టెంబరులోనే ఇవి రావడానికి కారణం చలి కాదు, నీరు. నైరుతి ఋతుపవనాల వల్ల నౌపడ పరిసరాల తంపర భూములు, చెరువులు, ఉప్పుటేరులు నిండుతాయి. వర్షాలు తగ్గి నీరు తీసే కొద్దీ చేపలు లోతు తక్కువ మడుగులలోకి చేరి సులభంగా దొరుకుతాయి. రంగుల కొంగ ముక్కును కొద్దిగా తెరచి నీటిలో ఆడిస్తూ, స్పర్శతోనే చేపను పట్టుకొంటుంది. దీనికి మోకాలి లోతు నీరే అనుకూలం. గూడబాతు సాధారణంగా 3 లేక 4 గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు 30 నుంచి 33 రోజులు పడుతుంది. పిల్లలు పూర్తిగా ఎదగడానికి మరికొన్ని నెలలు కావాలి. ఇంతకాలం దగ్గరలోనే చేపలు లభించాలి కనుక గూడు కట్టే కాలం నీటి మట్టంతో ముడిపడి ఉంటుంది.

ఇదే జిల్లాలో ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి గ్రామం దీనికి చక్కని పోలిక. అక్కడికి నత్తగుల్ల కొంగలు తొలకరితో, జూన్, జూలై నెలలలో వచ్చి, ఇళ్ళ దగ్గరి చెట్లపై గూళ్ళు కట్టి, చలికాలం మొదలయ్యేసరికి వెళ్ళిపోతాయి. రెండు ముక్కు భాగాల మధ్య సందు ఉండటం ఈ కొంగ ప్రత్యేకత. దీని ప్రధానాహారం నత్తలు. తొలకరి వానలకు పొలాలలో నత్తలు బయటికి రావడం, ఈ కొంగలు రావడం ఒకే సమయంలో జరుగుతాయి. చేపలపై ఆధారపడిన పక్షి నీరు తీసే కాలాన్ని, నత్తలపై ఆధారపడిన పక్షి నీరు పెట్టే కాలాన్ని ఎంచుకొన్నాయి. చలి కారణమైతే ఒకే తీరంలోని ఈ రెండు ఊళ్ళకు రెండు వేర్వేరు పంచాంగాలు ఉండవు.

నత్తగుల్ల కొంగను కూడా పలువురు సైబీరియా పక్షిగానే భావిస్తారు. ఇది చాలా దూరం తిరుగుతుందన్నది వాస్తవం. భరత్‌పూర్‌లో కాలికి ఉంగరం వేసిన ఒక కొంగ తూర్పుదిశగా సుమారు 800 కిలోమీటర్ల దూరంలోను, థాయిలాండ్‌లో ఉంగరం వేసినది పశ్చిమదిశగా సుమారు 1500 కిలోమీటర్ల దూరంలో బంగ్లాదేశ్‌లోను లభించాయి. ఈ ప్రయాణాలన్నీ దక్షిణ, ఆగ్నేయ ఆసియాలలో జరిగినవే.

నిజమైన ఉత్తరదేశపు అతిథులు

సైబీరియా అతిథిని చూడదలచినవారు చింతచెట్టు వైపు కాక పెరటి కంచె వైపు చూడాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో తూర్పుతీరానికి వచ్చే గోధుమవన్నె ష్రైక్ పక్షి గోరింక కంటె చిన్నది. కంటి మీదుగా నల్లని పట్టీ, కొక్కెం వంటి ముక్కు, ఎరుపు కలిసిన గోధుమరంగు వీపు దీని గుర్తులు. ఇది సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా ప్రాంతాలలో గూడు కడుతుంది. వచ్చిన తొలి రోజులలో ఉదయం, సాయంత్రం గరగరమని అరుస్తూ తన హద్దును ప్రకటించుకొంటుంది. ఏటా అదే తోటకు, తరచు అదే కొమ్మకు తిరిగి వచ్చే అలవాటు దీనికి ఉన్నది. మిడతలు, పురుగులు, చిన్న బల్లులు దీని ఆహారం. జీడితోట అంచున ఒకే కొమ్మపై వరుసగా కొన్ని సంవత్సరాలు ఒకే వారంలో తీసిన చిత్రాలు లభిస్తే, అవి వలసకాలపు విలువైన ఆధారాలవుతాయి.

తడి నేలపై తోకను ఆడిస్తూ నడిచే వాగ్‌టెయిల్ పక్షులు, చీలిన తోకతో తీగలపై బారులు తీరే వానకోయిలలు, మధ్య ఆసియా నుంచి గుంపులుగా వచ్చే గులాబీ గోరింకలు కూడా ఈ కోవకు చెందినవే. వీటిలో వలస వచ్చేవి ఉద్దానంలో గూడు కట్టవు.

మరొక అతిథి పిట్టకు తెలుగుతో ప్రత్యేక సంబంధం ఉన్నది. తొమ్మిది రంగులలో మెరిసే పొన్నంకి పిట్ట హిమాలయ పాదప్రాంతాలలోను, మధ్య భారతంలోను, పడమటి కనుమలలోను గూడు కట్టి, చలికాలాన్ని దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను గడుపుతుంది. రాత్రివేళ ప్రయాణించి, అలసి, తెల్లవారేసరికి ఇళ్ళ పెరళ్ళలో దిగడం కద్దు. ఆకులు రాలిన నేలపై కీటకాలను ఏరుకొంటుంది కనుక పనస, జీడి చెట్ల నీడ దీనికి అనువైన మజిలీ. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియేయో ఈ ప్రజాతికి పెట్టిన ‘పిట్టా’ అనే శాస్త్రీయనామం మన ‘పిట్ట’ అనే మాట నుంచి వచ్చినదే. ప్రపంచ పక్షిశాస్త్రానికి పేరిచ్చిన భాషలో ఆ పక్షి రాకపోకల తేదీలు కూడా నమోదు కావలసి ఉన్నది.

రూపం మారినా, గొంతు ఆగినా

ఏడాది పొడవునా ఉండే పక్షులు కూడా ఋతువును బట్టి మారుతాయి. ఈ మార్పు తెలియనప్పుడు ఒకే పక్షిని రెండు జాతులుగా లెక్కించే ప్రమాదం ఉన్నది.

పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు సంతానకాలంలో తల, మెడ, వీపులపై నారింజరంగు తూలికలు వస్తాయి. మట్టిరంగులో కలిసిపోయే గుడ్డికొంగ వీపు అదే కాలంలో ముదురు ఎరుపుగా మారుతుంది. పిచ్చుకను పోలిన మగ గిజిగాడు తొలకరికి ముందు పసుపుపచ్చని తలను ధరించి, తాటి, ఈత, కొబ్బరి మట్టలకు గూళ్ళు అల్లడం మొదలుపెడుతుంది. నల్లగా మెరిసే మగ తేనెపిట్ట సంతానకాలం ముగిశాక ఆడపిట్ట వలె వెలిసిపోయి, గొంతు నుంచి పొట్ట వరకు ఒక నల్లని గీతను మాత్రమే నిలుపుకొంటుంది. ఒకే పెరటిలో నెలకొకసారి తీసిన చిత్రాలను వరుసగా పేర్చితే ఈ మార్పు క్రమం విద్యార్థికి స్పష్టంగా బోధపడుతుంది.

కోయిల విషయంలో పొరపాటు చెవి వల్ల కలుగుతుంది. వసంతంలో కోయిల వస్తుందని లోకోక్తి. నిజానికి అది చలికాలంలోనూ ఆ చెట్లలోనే ఉంటుంది, కూయదు, అంతే. చలికాలంలో మర్రి, రావి పండ్లను తింటున్న ఎర్రకంటి నల్లపక్షి చిత్రం ఒక్కటి చాలు ఈ విషయాన్ని రుజువు చేయడానికి. వినిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. పరిశీలకుడు ‘చూసినది’, ‘విన్నది’ అనే రెండు అంశాలను వేర్వేరుగా నమోదు చేయడానికి కారణమిదే.

ఛాయాచిత్రం నమోదుగా మారే విధానం

అందమైన చిత్రానికి, ఉపయోగపడే చిత్రానికి భేదం ఉన్నది. శాస్త్రీయ నమోదుకు ఖరీదైన కెమెరా అవసరం లేదు. సాధారణ చరవాణి సరిపోతుంది. కింది నియమాలు పాటించడం ముఖ్యం.

1. స్థలం, సమయం స్థిరంగా ఉండాలి. పెరటిలో ఒక చోటును ఎంచుకొని, వారానికి ఒకటి రెండు రోజులు, సూర్యోదయం తరువాత ఒకే సమయంలో, 15 నిమిషాలకు తగ్గకుండా పరిశీలించాలి.

2. కెమెరాలో తేదీ, సమయం సరిచూడాలి. మూలచిత్రాన్ని మార్పులు చేయకుండా భద్రపరచాలి. ఇతరుల నుంచి చేతులు మారి వచ్చిన చిత్రాలలో తేదీ తరచు లుప్తమవుతుంది. అటువంటివి సాక్ష్యంగా నిలవవు.

3. ఒక్కొక్క పక్షికి వీలైతే మూడు చిత్రాలు తీయాలి. పక్షి పక్కవైపు నిండుగా కనిపించేది ఒకటి, అది వాలిన చెట్టుతో కలిపి ఒకటి, చుట్టూ ఉన్న పంట లేదా నీటివనరు కనిపించేది ఒకటి.

4. సంఖ్య, పక్షి చేస్తున్న పని రాయాలి. మేత, గూటికి పుల్లలు మోయడం, పిల్లలకు మేత పెట్టడం, అరుపు వంటి వివరాలు ఋతువును తెలుపుతాయి.

5. కనిపించని రోజును కూడా రాయాలి. ‘పరిశీలించాము, లేదు’ అన్న నమోదు లేకపోతే తొలి రాక తేదీకి విలువ ఉండదు. సెప్టెంబరు 20న తొలిసారి చూసినట్లు చెప్పినప్పుడు, 13న వెదికినా కనిపించలేదన్న నమోదు తోడైతేనే అది రాక తేదీ అవుతుంది.

6. గుర్తింపు నిశ్చయం కానప్పుడు ఊహించి జాతిపేరు రాయరాదు. ‘ష్రైక్ రకం’, ‘కొంగ రకం’ అని రాసి చిత్రాన్ని జతపరచాలి. ఊరివారు పిలిచే పేరును కూడా తప్పక చేర్చాలి.

రైతులకు పరిచయమైన కార్తెల క్రమంలో ఈ నమోదును అమర్చితే గ్రామంలో దీనిని కొనసాగించడం సులభమవుతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నత్తగుల్ల కొంగల రాక, గిజిగాడి గూళ్ళు. ఉత్తర, హస్త కార్తెలలో గూడబాతుల రాక, వాగ్‌టెయిళ్ళ తొలి దర్శనం. చిత్త, స్వాతి కార్తెలలో ష్రైక్, పొన్నంకి పిట్ట. జీడి పూతకాలంలో తేనెపిట్టలు, కీటకభక్షక పక్షులు. ఎండలు ముదిరే వేళకు అతిథుల నిష్క్రమణ, కోయిల కూత. పంట దశ, పక్షి దశ ఒకే పుటలో కనిపించడం ఇందులోని ప్రయోజనం.

గూటి దగ్గర పాటించవలసిన దూరం

తేలినీలాపురం, తేలుకుంచి వంటి చోట్ల ఛాయాచిత్రకారుడే పక్షికి కీడు చేసే అవకాశం ఉన్నది. మనిషి చెట్టు కిందికి చేరినప్పుడు తల్లిపక్షులు ఒక్కసారిగా లేస్తే గుడ్లు, పిల్లలు కింద పడవచ్చు. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు. కాకులు, గద్దలు ఆ వ్యవధిలోనే గుడ్లను ఎత్తుకుపోతాయి. కనుక గూళ్ళను అటవీశాఖ ఏర్పాటు చేసిన పరిశీలన గోపురం నుంచి గాని, ఇంటి అరుగు వంటి అలవాటైన చోటు నుంచి గాని మాత్రమే చిత్రించాలి. పక్షి తన పని మానుకొని పరిశీలకుని వైపే చూస్తున్నదంటే అప్పటికే దూరం తగ్గిపోయిందని గ్రహించాలి. ఫ్లాష్ వెలుగు, డ్రోన్లు, ముద్రిత కూతలు వినిపించి పక్షిని రప్పించడం, కనిపించేందుకు కొమ్మలు నరకడం పూర్తిగా వర్జనీయం. గూళ్ళను, గుడ్లను పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చెట్టు, చిత్తడి నేల: రెండూ నిలిస్తేనే

గూడబాతు ఈ దేశపు పక్షియేనని అంగీకరించిన మరుక్షణం బాధ్యత కూడా ఈ దేశానిదే అవుతుంది. ‘సైబీరియా నుంచి వచ్చినవి ఈ ఏడు రాలేదు’ అనుకొంటే కారణాన్ని ఎక్కడో దూరదేశంలో వెదుకుతాము. ఇక్కడివే అనుకొంటే చింతచెట్టును, తంపర భూమిని చూస్తాము. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో గూడబాతు ముప్పుకు చేరువైన జాతిగా నమోదై ఉన్నది. కొల్లేరు ప్రాంతంలో దీని పెద్ద గూళ్ళ స్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ కనుగొన్నారు. 1906 తరువాత దేశంలో బయటపడిన తొలి పెద్ద స్థావరం అదే. ఇటువంటి పాత స్థావరాలలో కొన్ని తరువాతి కాలంలో అంతరించాయి. ఒక స్థావరం శాశ్వతమన్న భరోసా ఎక్కడా లేదు.

మొదటి ముప్పు చెట్లకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు విస్తారంగా నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి సంవత్సరాలు పడుతుంది. గూళ్ళను మోయగల చింతచెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. ఎండిన కొబ్బరి మోడులలో తొర్రలు చేసుకొనే వడ్రంగిపిట్టలకు, ఆ తొర్రలను తరువాత వాడుకొనే గోరింకలకు, రామచిలుకలకు కూడా ఇటువంటి తుపాను తరువాత గూటి వసతి మారిపోతుంది. ఒకే చోటు నుంచి ఏటా తీసిన చెట్టు చిత్రం ఉన్న ఊరిలోనే ఈ నష్టాన్ని, కోలుకొన్న తీరును కొలవడం సాధ్యం.

రెండవ ముప్పు నీటికి. 2021-22 శీతకాలంలో తేలినీలాపురం పరిసరాలలో గూడబాతులు పెద్దసంఖ్యలో మరణించాయి. చేపల ద్వారా సంక్రమించే నులిపురుగుల బెడద దీనికి కారణంగా గుర్తించారు. మేత మేసే చెరువులలోని నీటి నాణ్యత ఎంత ముఖ్యమో ఈ ఘటన తెలుపుతున్నది. సోంపేట బీల భూములలోను, కాకరాపల్లి తంపరలోను ఉష్ణ విద్యుత్కేంద్రాల ప్రతిపాదనలపై 2010, 2011 సంవత్సరాలలో జరిగిన ఆందోళనలు ఈ చిత్తడి నేలలు రైతుకు, మత్స్యకారునికి, పక్షికి ఉమ్మడి జీవనాధారమని చాటాయి.

ఈ పక్షులు వాలే చింతచెట్లలో చాలావరకు గ్రామస్థుల సొంత చెట్లే. రెట్ట వాసనను, రాత్రింబవళ్ళ సందడిని ఓర్చుకొని, పక్షుల రాకను శుభసూచకంగా భావించి వారు కాపాడుతున్నారు. కర్ణాటకలోని కొక్కరెబెళ్ళూరులో ఇదే విధంగా గూడబాతులు ఇళ్ళ చింతచెట్లపై గూడు కడతాయి. పంట కోయకుండా చెట్టును పక్షులకు వదిలిన యజమానులకు అక్కడి అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి ఉన్నది. రెట్టను పొలాలకు ఎరువుగా వాడుకొంటారు. ఉద్దానంలోను చింతచెట్టు యజమానికి తగిన ప్రతిఫలం, ఖాళీ స్థలాలలో కొత్త చింతమొక్కల పెంపకం ఆలోచించదగినవి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేయదగినవి

సమగ్ర సస్యరక్షణలో పొలంలో పక్షిస్థావరాలు నాటమని రైతులకు సూచిస్తున్నాము. ఆ కర్రలపై ఏ నెలలో ఏ పక్షి వాలుతున్నదో చెప్పగల స్థానిక నమోదులు ఉంటే ఆ సూచనకు బలం చేకూరుతుంది. ఏట్రింత ఏడాది పొడవునా వాలవచ్చు, ష్రైక్ చలికాలంలో మాత్రమే వాలుతుంది. వరిపొలంలో నత్తల తీవ్రతను నత్తగుల్ల కొంగల సంఖ్యతో కలిపి నమోదు చేయడం పరిశోధనకు అనువైన చిన్న అంశం. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే విద్యార్థులు తమ బస చేసిన ఇంటి పెరటినే పరిశీలన స్థానంగా తీసుకోవచ్చు.

ఈ నమోదులు పుస్తకంలోనే ఉండిపోకుండా అందరికీ చేరే మార్గాలున్నాయి. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల 2002లో ప్రారంభించిన ఇ-బర్డ్ వేదికలో ఎవరైనా పరిశీలన జాబితాను, చిత్రాన్ని చేర్చవచ్చు. 1998లో అమెరికాలో మొదలైన పెరటి పక్షుల గణనలో భారతదేశం 2013 నుంచి పాల్గొంటున్నది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ఈ గణన, గూడబాతు పిల్లలు ఎదిగే కాలంలోనే, ఉత్తరదేశపు అతిథులు ఇంకా ఇక్కడ ఉన్నప్పుడే వస్తుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను మదింపు చేయగలిగినది 30 వేలకు పైగా సామాన్య పరిశీలకుల నమోదుల వల్లనే. ఇటువంటి నమోదులు నగరాల చుట్టూ ఎక్కువగా, గ్రామాలలో తక్కువగా ఉంటాయి. ఉద్దానం పెరటి నుంచి వెళ్ళే ప్రతి జాబితా ఆ లోటును కొంత పూరిస్తుంది.

చనిపోయిన లేదా నీరసించిన పక్షులు కనిపించినప్పుడు చేతితో తాకకుండా, దూరం నుంచి చిత్రం తీసి, తేదీ, స్థలం, సంఖ్యలతో అటవీశాఖకు, పశువైద్యునికి వెంటనే తెలియజేయాలి. వ్యాధి ఏ రోజున ఏ చెరువు దగ్గర మొదలైనదో చెప్పగలిగేది తొలి చిత్రమే.

ముగింపు

పెద్ద పక్షిని పరదేశిగా, చిన్న పక్షిని స్థానికంగా భావించడం ఉద్దానంలో స్థిరపడిన పొరపాటు. వాస్తవం దీనికి విరుద్ధం. చింతచెట్టుపై గూడు కట్టిన గూడబాతు ఇక్కడిది, కంచెపై ఒంటరిగా వాలిన ష్రైక్ వేల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినది. ఈ విషయాన్ని నిలకడగా రుజువు చేయగలవి ఒకే పెరటి నుంచి ఏటేటా, కార్తె కార్తెకు తీసిన తేదీ గల ఛాయాచిత్రాలు. మొదటి పక్షికి చెట్టు, చెరువు కావాలి. రెండవదానికి పురుగుమందుల భారం లేని కంచె, పొద అవసరం. రెండింటినీ ఇవ్వగలిగినవాడు ఆ పెరటి యజమాని. ఆయనకు తన పెరటి పక్షి ఏదో, ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో సరిగా తెలియజేయడమే విస్తరణ కర్తవ్యం.